వేరుగా కట్టిన బడి

(శతాబ్ది ఉత్సవాల సందర్భంగా పాఠశాలల ఉపాధ్యాయుల, కమిటీ సభ్యుల కూటమిలో ఒక సంఘ కాపరి చేసిన ప్రసంగ పాఠం)



సంఘానికీ విద్యకూ గల సంబంధాన్ని గురించి నాలుగు మాటలు చెప్పమని నన్ను కోరారు. ఈ నూరేళ్లలో మన బడులు ఎలా పుట్టాయో, వాటిని ఎవరు కట్టారో, ఎందరు చదివి పైకి వచ్చారో నాకంటె పెద్దవారు ఇప్పటికే చక్కగా చెప్పారు. చెప్పిందే మళ్లీ చెప్పడం కంటె వేరొక దేశంలో, వేరొక సంఘశాఖవారు నడిపే ఒక బడి చరిత్ర మీ ముందు ఉంచుతాను. దానిలో మన ముఖం కొంత మనకే కనిపిస్తుందని నా నమ్మకం.

అమెరికా దక్షిణ భాగంలో లూసియానా రాష్ట్రం ఉన్నది. దానిలో పెద్ద పట్టణం న్యూ ఆర్లియన్స్. అక్కడ రోమన్ కతోలిక సహోదరులు 1951లో నల్లజాతి బాలురకోసం ఒక ఉన్నత పాఠశాల తెరిచారు. పేరు సెయింట్ అగస్టీన్ హైస్కూలు. దూరపు కొండలు నునుపు అన్నారు పెద్దలు. దూరపు బడి కూడా నునుపుగానే కనిపించవచ్చు. అందుచేత దానిలోని గతుకులు దాచకుండా చెబుతాను. నేను ఈ బడినే ఎన్నుకోవడానికి కారణం ఒక్కటే. ఇది సంఘం చేసిన పాపంలో నుండి పుట్టిన బడి. ఆ పాపాన్ని పోగొట్టే పనిలో దేవుడు వాడుకొన్న బడి కూడా ఇదే.

ఆ పట్టణం, ఆ ప్రజలు

న్యూ ఆర్లియన్స్‌ను 1718లో ఫ్రెంచివారు స్థాపించారు. కొంతకాలం అది స్పెయిను చేతిలో ఉండి, 1803లో అమెరికా దేశంలో కలిసింది. ఫ్రెంచివారూ స్పెయినువారూ కతోలికులు గనుక, వారి కింద బానిసలుగా ఉన్న నల్లవారు కూడా ఆ సంఘంలోనే బాప్తిస్మం పొందారు. తక్కిన దక్షిణ రాష్ట్రాలలో నల్లజాతి క్రైస్తవులు ఎక్కువగా బాప్టిస్టు, మెథడిస్టు సంఘాలలో ఉంటారు. న్యూ ఆర్లియన్స్‌లో మాత్రం తరతరాల నల్లజాతి కతోలిక కుటుంబాలు ఉన్నాయి. 1842లో హెన్రియెట్ డిలీల్ అనే నల్లజాతి సోదరి అక్కడ పరిశుద్ధ కుటుంబ సిస్టర్ల సభను స్థాపించింది. ఆ సిస్టర్లు 1867లో బాలికలకు సెయింట్ మేరీస్ అకాడమీ తెరిచారు. అంటే విశ్వాసం వారికి నిన్న మొన్న వచ్చినది కాదు.

బానిసత్వం పోయిన తరువాత సమానత్వం రావలసి ఉండగా వేర్పాటు వచ్చింది. 1892లో ఆ పట్టణపు చెప్పులు కుట్టే హోమర్ ప్లెసీ అనే యువకుడు తెల్లవారికి కేటాయించిన రైలు పెట్టెలో కావాలనే కూర్చున్నాడు. కొందరు పౌరులు ఒక కమిటీగా కూడి ఆ చట్టాన్ని కోర్టులో ఎదిరించడానికే ఆ పని తలపెట్టారు. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ప్లెసీకి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. వసతులు సమానంగా ఉంటే చాలు, వేరుగా ఉంచడం తప్పు కాదన్నది ఆ తీర్పు సారాంశం. ఆ తరువాత రైలు, బడి, ఆసుపత్రి, పార్కు, మంచినీటి కుళాయి అన్నీ వేరయ్యాయి. వేరు అన్న మాట అమలైంది గాని, సమానం అన్న మాట కాగితం మీదనే మిగిలింది.

దానికి బడి సంగతే సాక్ష్యం. 1900లో న్యూ ఆర్లియన్స్ పాఠశాలల బోర్డు నల్లజాతి పిల్లలకు ప్రభుత్వ బడులలో అయిదవ తరగతితోనే చదువు ముగించివేసింది. వారికి మళ్లీ ఒక ప్రభుత్వ హైస్కూలు రావడానికి 1917 వరకు కనిపెట్టవలసి వచ్చింది. 1942లో మరొకటి తెరిచినప్పుడు అది ముఖ్యంగా చేతిపనులు నేర్పే బడి అయింది. చేతిపని నీచమైనది కాదు. మన ప్రభువే వడ్రంగి ఇంట పెరిగాడు. అయితే ఒక జాతి పిల్లలందరికీ పుట్టకముందే ఒకరు కూర్చుని, మీకు ఇంతే చాలునని నిర్ణయించడం వేరు సంగతి.

సంఘం ఏమి చేసింది?

లోకం వేరు చేసినప్పుడు సంఘమైనా కలిపిందా? చెప్పడానికి బాధగానే ఉన్నది. నల్లజాతి విశ్వాసులు గుడిలో వెనుక బెంచీలలో కూర్చోవలసి వచ్చేది. తెల్లవారందరూ ప్రభువు బల్ల యొద్దకు వెళ్లి వచ్చిన తరువాత వారి వంతు వచ్చేది. పందొమ్మిదవ శతాబ్దం చివరినుండి వారికి వేరే గుడులు కట్టడం మొదలుపెట్టారు. వెనుక బెంచీలో కూర్చునేకంటె మన గుడిలో మనం ముందు కూర్చోవడం మేలని కొందరు సంతోషించి ఉండవచ్చు. మన శరీరాన్ని రెండుగా కోస్తున్నారని మరికొందరు దుఃఖించారు. ధనవంతునికి మంచి చోటు, దరిద్రునికి పాదపీఠం దగ్గర చోటు చూపే సంఘాన్ని యాకోబు తన పత్రికలో ఎంత గట్టిగా మందలించాడో మీకు తెలుసు.

బడులలో కూడా ఇదే వరస. తెల్లవారి పిల్లలకు ఆ పట్టణంలో పేరుగాంచిన కతోలిక బాలుర పాఠశాలలు ఉండేవి. జెసూట్ ఫాదర్ల పాఠశాల 1847 నాటిది. అదే బాప్తిస్మం పొందిన నల్లజాతి బాలునికి ఆ తలుపులు మూసి ఉండేవి.

ఈ చీకటిలో కొందరు దీపాలు పట్టుకొన్నారు. కాథరిన్ డ్రెక్సెల్ అనే ధనవంతుల బిడ్డ తన ఆస్తి అంతా నల్లజాతివారి, ఆదిమవాసుల విద్యకే అర్పించి సిస్టరుగా జీవించింది. ఆమె సభవారు 1915లో న్యూ ఆర్లియన్స్‌లో ఒక పాఠశాల ప్రారంభించగా, అది 1925లో జేవియర్ కళాశాలగా పెరిగింది. ఇంకొక వైపు జోసెఫైట్ ఫాదర్లు ఉన్నారు. ఇంగ్లండు నుండి వచ్చిన మిషనరీల సభనుండి విడివడి, 1893లో నల్లజాతివారి మధ్య సేవకే ప్రత్యేకంగా ఏర్పడిన సభ వారిది. అయితే ఆ సభలోనే ఒక లోటు ఉన్నది. నల్లజాతివారి కొరకే ఏర్పడిన ఆ సభవారు తరువాతి దశాబ్దాలలో ఆ జాతి యువకులను తమ గురువులుగా చేర్చుకోవడానికి చాలా వెనుకాడారు. సేవ చేయడానికి ఒప్పుకొన్నంత సులువుగా పక్కన కూర్చోబెట్టుకోవడానికి మనసు ఒప్పుకోదు. ఈ మాట మనమూ గుర్తుంచుకోదగినదే.

బడి పుట్టుక

1951 సెప్టెంబరులో సెయింట్ అగస్టీన్ హైస్కూలు ఆ పట్టణపు ఏడవ వార్డులో తెరిచారు. ఆర్చిడయాసిస్‌లోని విశ్వాసులు ఇచ్చిన కానుకలతో కట్టడం కట్టారు. నడిపే భారం జోసెఫైట్ ఫాదర్లకు అప్పగించారు. బడి రంగులు ఊదా, బంగారు వన్నె.

ఆ పేరు గురించి ఒక్క మాట. అగస్టీన్ భక్తుడు 354లో ఉత్తర ఆఫ్రికాలో, నేటి అల్జీరియా దేశంలో ఉన్న తగస్తే అనే ఊరిలో పుట్టాడు. హిప్పో పట్టణానికి బిషప్పుగా ఉండి 430లో చనిపోయాడు. వేదాంత కళాశాలలో చదువుకొన్న ప్రతివాడూ ఆయన గ్రంథాల ముందు తల వంచవలసిందే. పశ్చిమ దేశాల క్రైస్తవ వేదాంతం ఆయన వేసిన పునాదిమీద నిలిచింది. ఆఫ్రికానుండి గొలుసులతో తెచ్చిన వారి మునిమనుమలు చదివే బడికి ఆఫ్రికా బిషప్పు పేరు పెట్టారు. ప్రతి ఉదయం ఆ గేటు దాటే బాలునికి, నీ పూర్వుల ఖండం సంఘానికి గురువులను ఇచ్చిందని ఆ బోర్డు చెప్పకుండానే చెప్పేది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. నల్లవారికి వేరుగా బడి కట్టడమంటే వేర్పాటును ఒప్పుకోవడం కాదా? ఒక విధంగా అవును. తెల్లవారి బడి తలుపులు తెరవడానికి బదులు వేరే బడి కట్టారు. నిజానికి తలుపులు తెరిస్తే సరిపోయేది. కాని ఆ తలుపులు తెరిచేవరకు పదమూడేళ్ల పిల్లవాడు ఎక్కడ చదవాలి? పిల్లవాడి వయస్సు పెద్దల పశ్చాత్తాపం కోసం ఆగదు గదా. ఆ ఫాదర్లూ ఉపాధ్యాయులూ చేసిన మంచి పని ఏమంటే, గోడ వేరైనా పాఠం వేరు చేయలేదు. కళాశాలకు సిద్ధపరిచే చదువే ఆ పిల్లలకు చెప్పారు. తక్కువ బడి, తక్కువ పాఠం, తక్కువ ఆశ అన్న మూడింటిలో ఏదీ ఆ గదులలోనికి రానివ్వలేదు.

ఆర్చిబిషప్ రమ్మెల్

ఆ రోజులలో న్యూ ఆర్లియన్స్ ఆర్చిబిషప్పు జోసెఫ్ రమ్మెల్. జర్మనీలో పుట్టి పిల్లతనంలోనే అమెరికా వచ్చినవాడు. బడి తెరిచిన రెండేళ్లకు, 1953లో, గుడులలో వేర్పాటు ఇక ఉండకూడదని ఆయన లేఖ పంపాడు. బెంచీల దగ్గర, ప్రభువు బల్ల దగ్గర, సంఘ కూటాలలో ఎవరినీ వెనక్కు నెట్టరాదన్నాడు. 1954లో సుప్రీంకోర్టు ప్రభుత్వ బడులలో వేర్పాటు రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 1955లో జెసూట్ బెండ్ అనే పల్లెలో పూజ చేయడానికి వచ్చిన నల్లజాతి ఫాదరును కొందరు గుడిలోనికి రానివ్వకపోతే, రమ్మెల్ ఆ గుడిలో ఆరాధనలే ఆపివేశాడు. 1956లో జాతి వేర్పాటు పాపమని స్పష్టంగా పాలక లేఖ రాశాడు.

ఇంత ధైర్యంగా మాట్లాడినవాడు తన బడులలో మాత్రం వెంటనే తలుపులు తెరవలేదు. సంపన్నులైన విశ్వాసులు ఎదురు తిరిగారు. శాసనసభవారు కతోలిక బడులకు వచ్చే సహాయం తీసివేస్తామని బెదిరించారు. ఆయన ఆరోగ్యం పాడైంది, చూపు మందగించింది. 1960 నవంబరు 14న రూబీ బ్రిడ్జెస్ అనే ఆరేళ్ల నల్లజాతి పాప అదే పట్టణంలో ప్రభుత్వ బడికి మార్షల్స్ కాపలా మధ్య నడిచి వెళ్లింది. బయట గుంపులు కేకలు వేశాయి. కోర్టు ఆజ్ఞతో ప్రభుత్వ బడి తెరుచుకొన్న రెండేళ్లకు గాని, 1962లో గాని, కతోలిక బడులు అందరికీ తెరుచుకోలేదు. లోకానికి వెలుగై ఉండవలసిన సంఘం ఈ విషయంలో లోకం వెనుక నడిచింది.

అయినా 1962లో ఆయన వెనుదీయలేదు. బహిరంగంగా జనాన్ని రెచ్చగొట్టిన ముగ్గురిని ఏప్రిల్ నెలలో సంఘంనుండి వెలివేశాడు. వారిలో ఒకడు లియాండర్ పెరెజ్, ఆ ప్రాంతంలో ఎదురులేని రాజకీయ నాయకుడు. కానుకలు తగ్గుతాయని తెలిసి, పెద్దమనుషుల పగ వస్తుందని తెలిసి, ఎనభై అయిదేళ్ల వృద్ధుడు ఆ పని చేశాడు. ఆలస్యం ఆయనది, ధైర్యమూ ఆయనదే. రెండింటినీ మనం నిజాయితీగా చెప్పుకోవాలి.

దివిటీల దారిలో బ్యాండు

ఇక బడి పిల్లల సంగతికి వస్తాను. 1952లో జేవియర్ కళాశాలలో సంగీతం చదివిన ఎడ్విన్ హాంప్టన్ అనే నల్లజాతి ఉపాధ్యాయుడు ఆ బడిలో బ్యాండు మొదలుపెట్టాడు. సుమారు అర్ధ శతాబ్దం ఆయనే దాన్ని నడిపాడు. మార్చింగ్ హండ్రెడ్ అనే పేరుతో అది దేశమంతటా ప్రసిద్ధి కెక్కింది. వరుస తప్పకూడదు, అడుగు తప్పకూడదు, బూటు మెరవాలి, పాఠం కూడా తప్పకూడదు అన్నట్లుండేది ఆయన శిక్షణ.

న్యూ ఆర్లియన్స్‌లో శ్రమదినాలకు ముందు మార్డి గ్రా అనే గొప్ప పండుగ జరుగుతుంది. ఆనాడు సాగే రెక్స్ అనే ఊరేగింపు 1872 నుండి ఉన్నది. తెల్లజాతి సంపన్నులు నడిపేది. అటువంటి రాత్రి ఊరేగింపులలో నల్లవారికి ఇచ్చిన చోటు ఏమిటంటే, దివిటీలు మోయడం. మన ఊళ్లలో ఊరేగింపు ముందు డప్పు కొట్టేవారిని తలచుకోండి. వారు లేకుండా ఊరేగింపు కదలదు, కాని ఊరేగింపు వారిది కాదు.

1967లో సెయింట్ అగస్టీన్ బ్యాండును రెక్స్ ఊరేగింపులో నడవడానికి పిలిచారు. నల్లజాతి హైస్కూలు బ్యాండు అందులో నడవడం అదే మొదలు. దారి పొడుగునా కొందరు తిట్టారు, ఉమ్మివేశారు, సీసాలు విసిరారు, మూత్రం పోశారు. ఆ పిల్లలు పదిహేను, పదహారేళ్లవారు. చేతిలో ఇత్తడి వాయిద్యం ఉన్నది, విసిరితే దెబ్బ తగిలే బరువే. అయినా ఎవరూ వరుస విడవకూడదని గురువు ముందే చెప్పి ఉన్నాడు. వారు వరుస విడవలేదు, వాయించడం మానలేదు. ఆ దారి చివరికంటా నడిచారు.

ఇది పిరికితనమని యౌవనస్థులు అనుకోవచ్చు. నా మట్టుకు నాకు అలా తోచదు. దెబ్బకు దెబ్బ కొట్టి ఉంటే మరునాడు పత్రికలలో కొట్లాట సంగతే వచ్చేది. వారు నడిచినందువల్ల తప్పు ఎవరిదో ఊరందరికీ కనబడింది. అయితే ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఆ ఓర్పు భారం పెద్దలు మోయవలసింది. పిల్లల భుజాలమీద పెట్టారు. ఓర్చుకొన్న పిల్లలను మెచ్చుకొని, ఓర్చుకోవలసిన పరిస్థితిని అలాగే ఉంచడం మనకు తగదు.

ఆట మైదానం నుండి న్యాయస్థానానికి

లూసియానాలో హైస్కూలు ఆటల పోటీలు నడిపే సంఘం ఒకటి ఉన్నది. తెల్లవారి బడులు అందులో ఉండేవి. నల్లవారి బడులకు వేరే సంఘం. 1956లో రాష్ట్ర శాసనసభ తెల్లవారూ నల్లవారూ కలిసి ఆడకూడదని చట్టమే చేసింది. ఆ చట్టాన్ని కోర్టులు కొట్టివేశాయి, 1959లో సుప్రీంకోర్టు కూడా ఆ కొట్టివేతనే ఖాయపరిచింది. చట్టం పోయినా అలవాటు పోలేదు.

సెయింట్ అగస్టీన్ బడివారు ఆ రాష్ట్ర సంఘంలో సభ్యత్వం అడిగారు. ఇవ్వలేదు. బడివారు కోర్టుకు వెళ్లారు. ఇది మా సొంత సంఘం, మాకు ఇష్టమైనవారిని చేర్చుకొంటాం అనే వాదన అటువైపు ఉన్నది. కాని ఆ సంఘంలో అత్యధిక భాగం ప్రభుత్వ బడులే గనుక, అది చేసే పని ప్రభుత్వం చేసిన పనితో సమానమేనని, జాతినిబట్టి తలుపు మూయడానికి వీలులేదని 1967లో కోర్టు తీర్పు చెప్పింది. 1968లో అప్పీలు కోర్టు దాన్ని ఖాయపరిచింది. ఆ కేసును తరువాతి కాలంలో అమెరికా సుప్రీంకోర్టు కూడా తన తీర్పులో ఉదహరించింది. ఏడేళ్లు గడిచేసరికి, 1975లో, ఆ బడి జట్టు అదే సంఘపు ఫుట్‌బాల్ పోటీలలో రాష్ట్ర విజేతగా నిలిచింది. మళ్లీ 1978లో, 1979లో కూడా గెలిచింది.

గెలుపుకంటె నాకు ముఖ్యంగా కనిపించేది ఒకటి ఉన్నది. వేర్పాటు కోసం కట్టిన బడే వేర్పాటును కోర్టుకు ఈడ్చింది. దాన్ని కట్టినవారిలో కొందరు, వీరికి వీరి బడి ఉన్నది గనుక ఇక మన జోలికి రారని అనుకొని ఉండవచ్చు. కాని చదువు అలా ఉండనివ్వదు. పిల్లవానికి నిజమైన చదువు చెబితే, వాడు ఏదో ఒకనాడు లేచి, నన్ను వేరుగా ఎందుకు ఉంచారని అడుగుతాడు. అలా అడగని చదువు చదువే కాదు.

తలుపులు తెరిచిన తరువాత

అన్ని బడులూ అందరికీ తెరిచిన తరువాత సెయింట్ అగస్టీన్ అవసరమేమున్నది? ఈ ప్రశ్న దక్షిణ రాష్ట్రాలన్నిటిలో వచ్చింది. చాలాచోట్ల కలపడమంటే నల్లవారి బడిని మూసి, పిల్లలను తెల్లవారి బడికి పంపడమే అయింది. వేలాదిమంది నల్లజాతి ఉపాధ్యాయులు, ప్రధానోపాధ్యాయులు ఉద్యోగాలు పోగొట్టుకొన్నారు. పిల్లల పేర్లు, వారి తల్లుల కష్టాలు ఎరిగిన గురువులు వారు. సెయింట్ అగస్టీన్ మాత్రం నిలిచింది. అక్కడ చదివిన సిడ్నీ బార్తలెమీ 1986 నుండి 1994 వరకు న్యూ ఆర్లియన్స్ మేయరుగా ఉన్నాడు. అక్కడే చదివిన సంగీతజ్ఞుడు జాన్ బాటిస్ట్ రూపొందించిన సంగీత ఆల్బమ్‌కు 2022లో గ్రామీ బహుమానం వచ్చింది. దాని మొదటి పాటలో తన పాత బడి బ్యాండునే వాయింపజేశాడు. బడి ముందున్న లండన్ అవెన్యూకు నల్లజాతి హక్కులకోసం పోరాడిన న్యాయవాది ఏ.పీ. ట్యూరో పేరు పెట్టారు.

గతుకులు దాచనని ముందే చెప్పాను. ఆ బడిలో తప్పు చేసిన పిల్లవాణ్ణి చెక్కబద్దతో కొట్టే పద్ధతి ప్రారంభంనుండి ఉండేది. తక్కిన కతోలిక బడులు మానుకొన్నా ఇక్కడ మానలేదు. 2011లో ఆర్చిబిషప్ గ్రెగరీ ఏమండ్ అది ఆపవలసిందేనని పట్టుబట్టగా పెద్ద వివాదం అయింది. ఆశ్చర్యమేమంటే తల్లిదండ్రులూ పాత విద్యార్థులూ అనేకులు చెక్కబద్ద పక్షాన నిలిచి, ఆర్చిబిషప్ కార్యాలయానికి ఊరేగింపుగా వెళ్లారు. బయట లోకం మా బిడ్డలపట్ల కఠినంగా ఉన్నది, మేము కట్టుదిట్టంగా పెంచకపోతే వారు చెడిపోతారన్న భయం వారిది. ఆ భయాన్ని తేలికగా కొట్టివేయలేము. చివరకు ఆ శిక్ష ఆగిపోయింది. అగస్టీన్ భక్తుడు తన ఒప్పుకోలు గ్రంథంలో, చిన్ననాడు బడిలో దెబ్బలు తప్పించమని దేవుణ్ణి ప్రార్థించిన సంగతి, పెద్దలు అది చూసి నవ్విన సంగతి రాసుకొన్నాడు. ఆ దెబ్బలను ముసలితనం వరకు మరువని భక్తుని పేరు పెట్టుకొన్న బడిలోనే అరవై ఏళ్లు చెక్కబద్ద ఆడింది. మంచి బడులకు కూడా తమ పేరులోని పాఠం అర్థం కావడానికి కాలం పడుతుంది.

2005 ఆగస్టు 29న కత్రీనా తుపాను వచ్చింది. గట్లు తెగి పట్టణంలో సుమారు ఎనభై శాతం నీట మునిగింది. మన కోస్తా జిల్లాలవారికి ఉప్పెన అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. జనం చెల్లాచెదరయ్యారు. 2006 జనవరిలో సెయింట్ మేరీస్ అకాడమీ, సెయింట్ అగస్టీన్, జేవియర్ ప్రెప్ అనే మూడు బడులు కలిసి, మునగని జేవియర్ ప్రెప్ ఆవరణలో ఒకే బడిగా నడిచాయి. మూడు పేర్లలోని అక్షరాలు కలిపి మ్యాక్స్ అని పేరు పెట్టుకొన్నారు. ఏళ్ల తరబడి పోటీపడిన బడులవారు ఒక కప్పు కింద కూర్చున్నారు. తరువాత ఎవరి చోటికి వారు తిరిగి వెళ్లి మళ్లీ కట్టుకొన్నారు. నీటిలో నానిన గోడలను కడిగి తిరిగి బడి తెరవడం నెహెమ్యా చేసిన పనివంటిదే.

మన సంగతి

ప్రియులారా, ఈ చరిత్ర వినినప్పుడు మన పల్లెలు మీకు గుర్తుకు వచ్చే ఉంటాయి. ఊరి బడిలో మాలపల్లె, మాదిగపల్లె బిడ్డలకు చోటులేని రోజులలో, లేక చోటున్నా వసారాలో కూర్చోబెట్టిన రోజులలో, మిషను బడులు వారిని లోపలికి పిలిచాయి. మనలో చాలామందికి తాతలు పలక పట్టింది అక్కడే. అది మన ఘనత. కాని కొన్ని సంఘాలలో కులాన్నిబట్టి వేరు వరుసలు, వేరు శ్మశానాలు ఉండినాయి. అది మన అవమానం. న్యూ ఆర్లియన్స్ వెనుక బెంచీలను చూసి అయ్యో అనేముందు, మన వెనుక బెంచీలను కూడా ఒకసారి చూసుకోవాలి.

కావున ఈ కూటమి ముందు మూడు మనవులు ఉంచుతున్నాను.

మొదటిది. మన బడులలో పేద పిల్లవానికి, ఫీజు కట్టగల పిల్లవానికి ఒకే పాఠం, ఒకే ఉపాధ్యాయుడు ఉండాలి. ఒకే డయాసిస్ కింద ఊరిలో చినుకు కారే తెలుగు బడి ఒకటి, పట్టణంలో రంగులు వేసిన ఇంగ్లీషు బడి ఒకటి ఉండి, మొదటిదానిలో ఖాళీ పోస్టులు ఏళ్ల తరబడి అలాగే ఉంటే, అది కూడా వేర్పాటే. చర్మం రంగుకు బదులు డబ్బు వచ్చింది, అంతే.

రెండవది. విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. పిల్లలను కొట్టరాదని, ప్రయివేటు బడులలో పేదలకు నాలుగవ వంతు సీట్లు ఇవ్వాలని అందులో ఉన్నది. ఆ చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం మనల్ని విడిచిపెట్టినంత మాత్రాన మనస్సాక్షి విడిచిపెడుతుందా? చట్టం అడగకముందే పేదలను చేర్చుకొన్న బడులు మనవి. చట్టం అడగలేదు గనుక చేర్చుకోము అనే బడులుగా మారితే మన తాతలకు ఏమి జవాబు చెబుతాము? ఈ నూరవ సంవత్సరంలో ప్రతి పాఠశాల కమిటీ తన రిజిస్టరు తీసి, ఫీజు కట్టలేని ఇళ్ల పిల్లలు ఎందరున్నారో లెక్క చూడాలని, ఆ లెక్కను సంఘం ముందు చదవాలని నా మనవి. కానుకల లెక్క చదువుతున్నాము గదా, ఈ లెక్క ఎందుకు చదవకూడదు?

మూడవది, తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు. మన బిడ్డలకు ఓర్పు నేర్పండి, తప్పక నేర్పండి. దానితోపాటు అడగడం కూడా నేర్పండి. సెయింట్ అగస్టీన్ బాలురు ఊరేగింపులో నోరు మెదపక నడిచారు. అదే సంవత్సరం వారి బడి కోర్టులో నోరు తెరిచి అడిగింది. ఈ రెండూ ఒకే బడి నేర్పిన పాఠాలు. ఒకటి లేకుండా రెండవది సరిపోదు.

ఆ బడి వేరుగా కట్టబడింది. కట్టినవారి మనసులో ఏమున్నా, దేవుడు దాన్ని వేరుగా ఉండనివ్వలేదు. మన బడులను మన పెద్దలు అందరి కొరకు కట్టారు. వాటిని కొందరి బడులుగా చేసే పాపం మన తరానికి అంటకుండును గాక. రాబోయే నూరేళ్లలో ఈ డయాసిస్ గేటు ముందు నిలిచిన ఏ బిడ్డా, ఇది నా బడి కాదేమో అని వెనుదిరగకుండా దేవుడు మనకు సహాయము చేయును గాక.